ముల్లు కదలకుండా

"అమ్మా, మళ్లా వచ్చిండు ఆయన."

వాచ్‌మన్ బుగ్గయ్య మాటకు డాక్టర్ వేదవతి కిటికీలోంచి చూసింది.

చిక్కడపల్లిలోని ఆమె నర్సింగ్ హోమ్ ఎదుట, వానలో, గొడుగు లేకుండా ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఎవరతను?"

"ఏమో అమ్మా. ఉగాదికి నేను పనిల చేరినకాడికెల్లి చూస్తున్న. కరెంటు పోతే చాలు, వస్తడు. మన జనరేటర్ షెడ్డు దిక్కు చూస్కుంట నిలబడ్తడు. కరెంటు వచ్చినంక పోతడు. పలకరిస్తే పలకడు."

"మొన్న రాగితీగ పోయింది ఆ షెడ్డులోంచే కదా. ఓ కన్నేసి ఉంచు."

అంతకుమించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

అరవై తొమ్మిది జూలై. తెలంగాణ ఉద్యమంతో ఊరంతా బందు. అశోక్‌నగర్ దగ్గర చెట్టు కూలి తీగలు తెగాయి. బాగుచేసేవాళ్లు సాయంత్రానికి గాని రారు. జనరేటర్ చూసే రాఘవేందర్ కూడా రాలేదు. బుగ్గయ్యే ఎలాగో దాన్ని నడుపుతున్నాడు.

పై గదిలో, గాజు పెట్టెలో, రత్నమాల అనే బాలింతకు ఏడో నెలలో పుట్టిన ఆడపిల్ల. రెండు రోజుల బిడ్డ. పెట్టె అడుగున వెలిగే రెండు బల్బుల వెచ్చదనమే దాని ఊపిరి.

ఆ బల్బులు కాసేపు గుడ్డిగా, కాసేపు కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయి.

ఠప్‌మని ఒకటి మాడిపోయింది.

"డాక్టర్ గారూ! ఇప్పటికి నాలుగు మాడినయి." నర్సు అరుంధతి కేక వేసింది. "వార్డుల బల్బులు గూడ తీసి పెట్టిన. ఇగ ఇదొక్కటే ఉన్నది."

సుల్తాన్ బజార్ దాకా ఒక్క దుకాణం తెరిచి లేదు.

వేదవతి షెడ్డుకు పరుగెత్తింది.

ఆ మనిషి అప్పటికే లోపల ఉన్నాడు. బుగ్గయ్య అతని చొక్కా పట్టుకుని బయటికి గుంజుతున్నాడు.

"నీళ్ల మోటారు బంద్ చెయ్యకుండ్రి!" అతను అరుస్తున్నాడు. "బంద్ చేస్తే వోల్టేజి ఒక్కసారే ఎగురుతది. పైన ఆ బల్బు గూడ పోతది."

"నీకెలా తెలుసు?"

"ఊరి కరెంటైతే మోటారు ఏసినా తీసినా తెల్వది డాక్టరమ్మా. ఇది ఒంటి మిషిను. ఏది ఏసినా కిందికి పడ్తది, ఏది తీసినా మీదికి లేస్తది. జర నన్ను దీని కాడ కూసోనియ్యండి. దండం పెడ్త."

ఆమెకు వేరే దారి లేదు.

"వదులు, బుగ్గయ్యా."

అతను వోల్టేజి మీటరు ఎదుట కూర్చుని, దాని కింద వోల్టేజి పెంచి తగ్గించే నల్లటి చక్రం మీద చెయ్యి వేశాడు. నూట ఎనభై దగ్గర కొట్టుకుంటున్న ముల్లు మెల్లగా పైకి వచ్చింది. రెండువందల ఇరవై దగ్గర ఆగింది.

"ఇగ ఏది ఏసినా, తీసినా ముందుగాల నాకు చెప్పాలె."

అరుంధతి మెట్ల మీద నిలబడింది.

"అన్నా, మోటారు తీస్తున్నం!"

"ఆగు... ఆఁ, ఇప్పుడు తియ్యి."

చక్రం కొద్దిగా వెనక్కి తిరిగింది. ముల్లు కదల్లేదు.

"అన్నా, సూదులు ఉడకబెట్టే హీటరు!"

"ఆఁ, ఎయ్యి."

ముల్లు కదల్లేదు.

ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా అంతే. అన్నం తెస్తే ముట్టుకోలేదు. ఇంజను వేడికి ముఖం కమిలిపోయింది. మీటరు మీది నుంచి చూపు మాత్రం తీయలేదు.

"అన్నా, బిడ్డ మంచిగున్నది," మధ్యలో ఒకసారి అరుంధతి సంబరంగా చెప్పింది. "జర వచ్చి చూస్తవా?"

"వద్దమ్మా. నేను చూడను."

ఆమె మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

నాలుగింటికి కరెంటు వచ్చింది. జనరేటర్ ఆగింది. అతను గోడ పట్టుకుని లేచాడు.

"బుగ్గయ్యా, జేబులు చూసి పంపించు," వేదవతి మెట్ల మీది నుంచే అంది. "పేరూ, ఉండే చోటూ గేటు పుస్తకంలో రాయించు."

అతను చేతులు పైకెత్తి నిలబడ్డాడు. జేబుల్లో ఏమీ లేదు. అరచేతుల నిండా బొబ్బలు.

పుస్తకంలో పేరు రాసి, తడుస్తూనే నారాయణగూడ వైపు వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత మళ్లీ కరెంటు పోయింది. రాఘవేందర్ జనరేటర్ వేశాడు. దీపాలు ఊగుతుంటే వేదవతి కిటికీలోంచి చూసింది.

ఎదుట ఎవరూ లేరు.

మరుసటి ఉదయం ఆమె గేటు పుస్తకం తెప్పించుకుంది. శ్రీపతి, అడిక్‌మెట్. అతణ్ణి తీసుకొచ్చి ఆ షెడ్డు అప్పగించాలి. ముందుగా క్షమించమనాలి.

అడిక్‌మెట్‌లో అతని గదికి తాళం వేసి ఉంది. పక్కింటి మాసమ్మ బయటికి వచ్చింది.

"నేను చిక్కడపల్లి నర్సింగ్ హోమ్ డాక్టర్నమ్మా. ఇక్కడ శ్రీపతి అని, ఎలక్ట్రీషియన్..."

"కరెంటాయన గాదమ్మా, దర్జీ. జాకెట్లు కుడ్తుండె. పదిదినాలాయె, పెండ్లాన్ని తీస్కొని పోయిండు. యాడికని చెప్పలే. ఇగ నాకు నిద్ర పడ్తదక్కా అన్నడు, అంతే."

"దర్జీనా? మరి జనరేటర్ పని ఎక్కడ నేర్చుకున్నాడు?"

"ఐసు ఫ్యాక్టరీల. ఏడాది సంది, కుట్టుడు అయిపోయినంక రోజూ గా మిషిను కాడ పోయి కూసుంటుండె. నేర్పుమని ఆడ పనిచేసేటోళ్ల కాళ్లు మొక్కిండట."

"అంత అవసరం ఏమొచ్చింది?"

మాసమ్మ ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"మీకు ఎర్క లేదా అమ్మా? పోయిన వానకాలం మీ గాజు పెట్టెల బల్బు మాడి, సల్లబడి పోయిన పసిగుడ్డు ఆయన బిడ్డనే గద."