రాయి మీద రాయి

నల్లమల అంచున ఉన్న కోన గుడికి మా మిరపచేల జనం కార్తీకంలో పిల్లాజెల్లాతో నడిచిపోయేవారు. తేలిక దారే. మా పెదనాన్నయితే తోలు అరిగిపోతుందని చెప్పులు చంకన పెట్టుకుని నడిచాడు. చెప్పుల సంగతి అలా ఉంచండి. దారి చీలినచోటల్లా ముందు పోయేవాళ్లు రాయి మీద రాయి పెట్టేవారు, వెనకవాళ్లు తప్పిపోకుండా.

పంతొమ్మిది వందల యాభై ఏడులో అందరూ గుడి చేరారు గాని, చూపు సరిగ్గా ఆనని నాంచారమ్మ ఒక్కతే రాలేదు.

"అమ్మేదే?" అన్నాడు కొడుకు.

"వెనక నిదానంగా వస్తానంది. రాళ్లున్నాయిగా, వస్తుందిలే" అంది కోడలు పేరమ్మ.

పొద్దు వాలినా రాకపోయేసరికి ఇద్దరూ వెతుక్కుంటూ వెనక్కి దిగారు.

ఆఖరి చీలిక దగ్గర గుడి దారిన రెండు రాళ్లున్నాయి. పక్కనున్న కట్టెలవాళ్ల దారిన నడుమెత్తు రాళ్లు పేర్చి ఉన్నాయి. ఆ దారి పొదలు దాటగానే లోయలోకి తెగిపోతుంది. అంచున నాంచారమ్మ చేతికర్ర పడి ఉంది. లోయ అడుగున ఆవిడ తెల్లచీర, కదలకుండా.

"ఈ రాళ్లెవరు పేర్చారే?"

"నేనే మావా" అంది పేరమ్మ. "కొండమీద రాళ్లు పేరిస్తే సొంతిల్లు అమరుతుందంటారుగా. అత్త పోరు పడలేక మొక్కుకున్నా. నడిచే దారిలో పెడితే ఎవరన్నా తన్నేస్తారని ఇటు పెట్టా."

అతను అంచున పడున్న చేతికర్ర తీసి పెళ్లాం చేతిలో పెట్టాడు.

"పోయి నలుగురినీ పిలువు, అమ్మని మోయాలి. ఇంకెక్కడా రాళ్లు పేర్చకు. ఇల్లు నీదయిపోయింది."