వెన్ను చొక్కా తిరిగిచ్చిన రోజు

వింధ్యావళి పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్లు ఆమెకు దండ వేసి, వెన్ను చొక్కా వెనక్కి తీసుకున్నారు. బడిపిల్లలతో సహా కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాళ్లకూ ఆ చొక్కా తప్పనిసరి. అది మెడ వంగనివ్వదు, నడుము జారనివ్వదు. అది వచ్చాక మధ్యమధ్యలో లేచి ఒళ్లు విరుచుకోవడం అందరూ మానేశారు. హాయిగా ఉందని వింధ్యావళి ఇంట్లో కూడా పడుకునేదాకా విప్పేది కాదు. అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

ఇంటికి రాగానే గోడకు చేరగిలబడి, "పాపనిలా ఇవ్వవే" అంది కూతురు తరళతో.

తరళ తన ఐదు నెలల బిడ్డను తల్లి ఒళ్లో పెట్టింది. వింధ్యావళి మెడ మెల్లగా ముందుకు వాలింది, వెంటనే నడుమూ వాలింది. పాప మీద పడిపోబోతుంటే తరళ బిడ్డను లాగేసుకుంది.

"కొత్త కదమ్మా, సర్దుకుంటుందిలే."

వింధ్యావళి కూతురి ఒంటి మీదున్న వెన్ను చొక్కా వైపు చూసింది. తర్వాత, "నీ చొక్కా ఓసారి విప్పి కూర్చో" అంది.

తరళ పాపను చాప మీద పడుకోబెట్టి, చొక్కా విప్పి, నవ్వుతూనే ఎదురుగా కూర్చుంది. నిమిషానికే ఆమె భుజాలు వణికాయి.

"చేతులు పైకెత్తు. మా చిన్నప్పుడు బళ్లో రోజూ ఎత్తించేవాళ్లు."

ఆ చేతులు భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి. తరళకు ఇరవై ఆరేళ్లు.

"ఇంక లేవట్లేదమ్మా" అంది భయంగా.

వింధ్యావళి పాక్కుంటూ వెళ్లి కూతురి మోచేతుల కింద తన చేతులు ఆనించింది. వాటిలోనూ బలం లేదు. ఒకరి మీద ఒకరు వాలిపోయి ఇద్దరూ ఏడ్చారు.

చాప మీద పాప బోర్లాపడి, ఎవరి సాయమూ లేకుండా తల పైకెత్తి వాళ్లనే చూస్తోంది.