పా... పా...

వీడియో మళ్ళీ అక్కడే ఇరుక్కుంది.

"పా... పా... పా..." అని స్పీకర్లు నత్తిగా పలికాయి.

క్రాంతి కుమార్ విసుగ్గా మౌస్‌ను తోసేశాడు. కడపలో అతనిది చిన్న ఎడిటింగ్ షాపు. కంప్యూటర్ కూడా అతని స్కూటర్ లాంటిదే, తోస్తేగానీ కదలదు.

టేపు మహిమది. పోయిన నెల వాళ్ళమ్మ ప్రేమమ్మ చనిపోయింది. రేపు చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక.

"అమ్మ బాప్తిస్మం తీసుకున్న దినం కాలవ గట్టు మీద పాట పాడిందన్నా. అమ్మ గొంతు ఇంగ యాడా లేదు. ఎట్లన్నా చేసి రేపు అందరికీ వినిపించల్ల" అని, పాత క్యామ్‌కార్డర్‌ను టేపుతో సహా తెచ్చి ఇచ్చింది.

టేపునంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కానీ పాట ఎగుడుదిగుడు రోడ్డు మీద బస్సులా కుదుపులతో నడుస్తోంది. పాట అయిపోయిన కాసేపటికి పూర్తిగా బిగుసుకుపోయి, "పా... పా..." అంటోంది.

పాట వరకు ఉంచి, మిగతాది కోసి పారేద్దామా అనుకుంటుండగా గది కొంచెం చీకటయింది.

గడపలో ఎవరో నిలబడ్డారు. వెనక ఎండ. మొహం కనబడలేదు. తల మాత్రం బల్ల మీది కెమెరా వైపు తిరిగి ఉంది.

"అది అమ్మేది కాదప్పా" అన్నాడు క్రాంతి. పాత సామాన్లు కొనేవాళ్ళకు ఎక్కడ ఏముందో వాసన తెలిసిపోతుందని అతని అనుభవం.

"కెమెరా నాకెందుకులేప్పా." బొంగురు గొంతు. ప్రతి మాటనూ సాగదీస్తోంది. "పాప బాగుండాదా?"

"ఏ పాప?"

"పాపప్పా."

"నాకింకా పెండ్లే కాలే, పాప యాడినుంచి వస్తాది? తావు తప్పి వచ్చినట్టుండావు. పనిలో ఉండా, పోప్పా."

ఆయన తల కంప్యూటర్ వైపు తిరిగింది.

"కోసేయాకు. ఆఖరుదాకా పోనీ" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కొయ్యాలనుకున్న సంగతి ఆయనకెలా తెలిసింది? ఎండకు ఆయనకు తల తిరిగి ఉంటుందిలే అని క్రాంతి సర్దిచెప్పుకున్నాడు. కానీ ఆ ముక్కను కొయ్యడానికి చెయ్యి రాలేదు.

మిగతా ప్రోగ్రాములన్నీ మూసేశాడు. ప్రివ్యూ క్వాలిటీ తగ్గించాడు. పాట కొంచెం దారికొచ్చింది గానీ, ఆ చోటు మాత్రం కదల్లేదు. "పా... పా..."

బండి మోయలేనప్పుడు బరువన్నా తగ్గించాలి. ఆ వీడియోకే చిన్న సైజు కాపీ తయారుచేయమని కంప్యూటర్‌కు పని అప్పగించి, అన్నానికి పోయాడు.

మధ్యాహ్నం మహిమ వచ్చేసరికి కాపీ తయారైంది.

"కొంచెం మసగ్గా కనబడతాది. ఇది పెట్టుకుని ఎడిట్ చేసి, ఆఖర్న అసలుది తగిలిస్తా. కెమెరా మీదేనా?"

"మాది కాదన్నా. వీడియో తీసినాయప్పది. పత్తికొండ తట్టు మనిషంట, పేరు ఎవురికీ తెలీదు. అమ్మ నీళ్ళల్లో మునిగి లేచేది తీయకుండానే, సగంలో ఇడిసిపెట్టి పోయినాడంట. కెమెరా కోసమన్నా రాకపోతాడా అని అటక మీద పెట్టినారు. రాలే. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా అమ్మ తిట్టేది."

క్రాంతి ప్లే నొక్కాడు.

తెల్లచీరలో ప్రేమమ్మ పాడుతోంది. ఎక్కడా కుదుపు లేదు. మహిమ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పాట అయింది. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. గట్టు మీద అందరూ కళ్ళు మూసుకున్నారు.

తెర మీద ఒక ఓరన, ఎర్రగౌను వేసుకున్న పాప ఒక్కతే కాలవ మెట్లు దిగుతోంది.

"నేనేన్నా. అప్పుడు మూడేండ్లు నాకు."

పాప జారింది. నీళ్ళు మూసుకున్నాయి. ఒక్కరూ చూడలేదు. అక్కడ తెరిచి ఉన్న కన్ను కెమెరాది ఒక్కటే.

"పాపా... పాపా..." అంది కెమెరా వెనక గొంతు.

కెమెరా గడ్డిలో పడింది. గట్టు, మెట్లు, నీళ్ళు అన్నీ అడ్డం తిరిగాయి. గళ్ళచొక్కా వీపు ఒకటి పరుగెత్తి నీళ్ళలో దూకింది.

ప్రార్థన సాగుతూనే ఉంది.

నీళ్ళలోంచి రెండు చేతులు లేచి పాపను మెట్టు మీదికి తోశాయి. అవి కూడా మెట్టును పట్టుకోబోయి, పాచికి జారి, లోపలికి పోయాయి. మళ్ళీ పైకి రాలేదు.

"ఆమేన్" అన్నారందరూ.

కళ్ళు తెరిచారు. ప్రేమమ్మ పరుగెత్తుకొచ్చి, దగ్గుతూ ఏడుస్తున్న పాప వీపు మీద ఒకటి వేసింది, నీళ్ళలో ఆడుకున్నందుకు. కాలవ వైపు ఎవరూ చూడలేదు. కాసేపటికి టేపు అయిపోయింది.

మహిమ ఆగిపోయిన తెరను వేళ్ళతో తడిమింది.

"ఇన్నేండ్లు తిడితిమి కదన్నా" అంది. "అమ్మ తిట్టుకుంటానే పోయింది. మొగం కూడా లేదే ఇందులో. ఎవురన్నా ఆయన?"

క్రాంతి వీడియోను కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు.

"పాపా... పాపా..."

పొద్దున గడపలో నిలబడి "పాప బాగుండాదా" అని అడిగింది ఆ బొంగురు గొంతే. బాగుండాదని ఒక్కమాట చెప్పకుండా ఆయన్ను పొమ్మన్నది తనే.