సాయంత్రం మాత్ర

నవంబరు 9. లేవగానే మొదటి ఆశ్చర్యం: మా కుక్క చిట్టి, అక్క గది వదిలి నా మంచం పక్కన పడుకుంది. గచ్చు మీద నెత్తురు కలిసిన మూత్రం. ఇన్‌ఫెక్షన్ మళ్ళీ వచ్చింది. ఇది మూడోసారి.

చిట్టికి అక్కంటే ప్రాణం. నేను పిలిస్తే తోక కూడా కదపదు. జబ్బు చేసినప్పుడు మాత్రం, మాటిమాటికీ బయటికి తిప్పే నన్ను అంటిపెట్టుకుంటుంది.

"అక్కాచెల్లెళ్ళిద్దరూ నర్సులే, రోగం తగ్గదేంటమ్మా? పధ్నాలుగు రోజులూ మాత్రలు వేశారా?" అన్నారు పశువుల డాక్టరు.

"పొద్దున నేను, సాయంత్రం చెల్లి. ఒక్కటీ తప్పలేదండీ," అంది అక్క.

"మధ్యలో ఆపితే ఇలాగే తిరగబెడుతుంది. ఈసారి కిడ్నీలకి పాకితే బతకడం కష్టం."

ఇంటికొచ్చే దారంతా అక్క తనని తానే తిట్టుకుంది. "నేనే ఎప్పుడో మర్చిపోయుంటానే. ఒంట్లో బాగాలేకపోతే చిట్టి నిన్నే వెతుక్కుంటుంది చూడు. నిజం చెప్పాలంటే, అప్పుడు నిన్ను చూస్తే నాకు కుళ్ళు పుడుతుంది."

కోలుకుంటే చిట్టి మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళిపోతుందని, రెండుసార్లూ ఆరో రోజు నుంచి సాయంత్రం మాత్రలు పారేసింది నేనే.

రేపు పొద్దున అక్క లేవగానే ఆ మాట చెప్పేసి, రెండు పూటల మాత్రలూ తన చేతికే ఇస్తాను.