బాలనాగమ్మ పెంచిన పులి

తడి మట్టిలో పిడికిలి గట్టిగా అద్ది, దాని ముందు నాలుగు వేళ్ల కొనలు గుచ్చితే చాలు, అచ్చం చిరుతపులి అడుగే. బాలనాగమ్మ పొద్దు వాలే వేళ తోట చుట్టూ అలా అడుగులు వేసిపోయేది. తెల్లారాక అందరికంటే ముందు వాటిని చూసి లబలబలాడేది కూడా ఆమే.

వనపర్తి అవతల గుట్ట కింది సీతాఫలం తోటను ఆమె కౌలుకు పట్టింది. ఏటా కాయ కళ్లు తెరిచిందో లేదో, దొంగలు సంచులతో దిగేవాళ్లు. ఒంటరి మనిషి ఎందరిని తరుముతుంది? అందుకే ఈసారి పులిని కావలి పెట్టుకుంది.

ఎత్తు బాగానే పారింది. కాయల దొంగల్లో పేరుమోసిన మాసయ్య సంచీ చెప్పులూ తోటలోనే వదిలేసి ఊళ్లోకి ఉరికొచ్చాడు. పులి తోక కూడా చూశానని ఒట్టేసి చెప్పి, జ్వరంతో మంచమెక్కాడు. బాలనాగమ్మ అయ్యో పాపమంటూ అతనికి పండ్లు పంపి, ఇంట్లోకి పోయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

కబురు వనపర్తి చేరింది. అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే జయశ్రీ వచ్చింది. అడవి జంతువుల ఫొటోలు తీసే కెమెరాలు కొనాలంటే మోయలేని ఖర్చట. అందుకని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాల్లో చిన్న కెమెరాలు బిగించి తనే చేసుకుంది. ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫొటో తీస్తుందని చెప్పి, డబ్బాలను చెట్లకు కట్టిపోయింది.

బాలనాగమ్మకు కొత్త దిగులు పట్టుకుంది. పులి లేదని తేలితే దొంగలు మళ్లీ దిగుతారు. పైగా ఊరందరినీ భయపెట్టినందుకు ఏ శిక్ష వేస్తారో. డబ్బాలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, వాటి వెనకనుంచే తిరుగుతూ తన పని తను కానిచ్చింది.

వారం తర్వాత జయశ్రీ ల్యాప్‌టాప్‌తో వచ్చింది. గట్టు మీద కూర్చోబెట్టి ఒక ఫొటో చూపించింది. అందులో బాలనాగమ్మ వంగి, మట్టిలో పిడికిలి అద్దుతోంది. ఆకుల మాటున ఇంకో డబ్బా ఉన్న సంగతి ఆమె గమనించనేలేదు.

ఇక దాచి లాభం లేదని దొంగల బాధ, కౌలు భయం అన్నీ చెప్పేసింది.

"తప్పయింది బిడ్డా. జర ఊళ్లె ఎవ్వరికి చెప్పకు."

జయశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది. బాలనాగమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే, కాయంతా కోసేదాకా ఇంకొన్ని అడుగులు వేసుకుంటానని బతిమాలింది.

"ఇగ నువ్వు ఏసే పని లేదు పెద్దమ్మా. పొద్దు వాలినంక గటు పోకు," అంటూ జయశ్రీ తర్వాతి ఫొటో తెరిచింది.

బాలనాగమ్మ లేచి వెళ్లిన చోటే, ఆమె అద్దిన అడుగులను తల వంచి వాసన చూస్తోంది నిఖార్సైన చిరుతపులి.