వయొలెట్ విత్తనాలు

ముక్తేశ్వరం, 9-12-1952

బావగారికి నమస్కారములు. రాత్రిబడిలో నేర్చిన తెలుగు, తప్పులుంటే మన్నించవలెను.

కొండమీది క్షయ ఆసుపత్రి నుండి మా అమ్మాయి వయొలెట్ పూల విత్తనాలు పంపి, అవి పూచేనాటికి ఇంటికి వస్తానని వ్రాసినది. మీ చెల్లెలు వాటిని వరి విత్తనాల వలె నానబెట్టి, మూటగట్టి, మొలకెత్తుటకు గడ్డి క్రింద మండె కట్టినది. చల్లదనం కోరే విత్తనాలు ఆ వేడికి కుళ్ళిపోయినవి.

"నా చేతుల్తో నేనే పాడుచేసేనండీ!" అని ఆమె ఏడ్చుచుండగా ఆసుపత్రి ఉత్తరం వచ్చినది. అమ్మాయి కులాసాగా ఉన్నదని చదివితిని. కొన్ని గింజలు బ్రతికినవని చెప్పి, కుండీలో రహస్యముగా అదే ఊదారంగున పూచే డిసెంబరం నారు నాటితిని.

నాలుగు నెలలు ఆమె నీళ్ళు పోసినది. నేడు పూచినవి.

"వయొలెట్లు పూసేయి, చూడు" అంటిని.

"డిసెంబరాలండీ. ఆకు చూసినప్పుడే తెలిసింది" అన్నది. "ఏ ఉత్తరమొచ్చినా గొంతెత్తి రెండేసిసార్లు చదువుతారు కదండీ మీరు. ఆ రోజుది ఒక్కసారే చదివి మడిచేసేరు. పిల్ల పోయిందని అప్పుడే తెలిసిందండీ."

"మరి నీళ్ళెందుకు పోసేవు?"

"మీరు నాటేరు కదండీ."

బావగారూ, ఈ కార్డు మీరు చదివిన తరువాత అక్కయ్యగారికి చదివి వినిపించండి. ఇక్కడ మీ చెల్లెలికి చదవనక్కర లేదు.