తాళం వేసేముందు కేక

నగరిలో రంగనాథం మరమగ్గాల షెడ్డులో ఒక పాత కంప్యూటర్ ఉంది. చీర అంచుల డిజైన్లన్నీ దాంట్లోనే. దాని జ్ఞాపకశక్తి పెంచడానికి వచ్చిన దేవేంద్రను మనుషులే మరిచిపోయారు. చీకటి పడగానే మెయిన్ ఆపి, షట్టర్ దించి, తాళం వేసుకుని పోయారు.

అప్పటికతను వెనకగదిలో బల్ల కింద దూరి, రామా అనే తీరిక లేకుండా కొత్త ర్యామ్ బిగిస్తున్నాడు. పక్క షెడ్డు మగ్గాల మోతలో ఏమీ వినపడలేదు. లైటు ఆరి, బల్ల కిందనుంచి బయటికి పాకేసరికి షట్టర్ దిగిపోయింది. నూలు దుమ్ముకు అతని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఫోనూ, పీల్చే మందూ బయట బండి డిక్కీలో ఉన్నాయి.

కంప్యూటర్ నుంచి పీకిన కరెంటు వైరు చేతిలో ఉండగానే పరుగెత్తి షట్టర్ బాదాడు. "రంగనాథన్నా! నేనీడే ఉండాను!"

పక్క మగ్గాలు ఆగాయి. ఎవరైనా వస్తున్నారేమోనని ఊపిరి బిగపట్టి విన్నాడు.

పిల్లికూతలు ఆగలేదు. వెనకగదిలోంచి వస్తున్నాయి. కంప్యూటర్ ఫ్యానేమో అనుకుందామంటే, దాని వైరు తన చేతిలోనే ఉంది.

మళ్లీ బాదాడు. జనం చేరారు, షట్టర్ లేచింది. దేవేంద్ర బండి దగ్గరికెళ్లి మందు పీల్చి, "లోపల మనిషుండాడో లేడో సూడొద్దా?" అని రొప్పాడు.

"అడక్కుండా ఏనాడన్నా తాళమేసినానా అబ్బా?" రంగనాథం అందరికీ వివరించాడు. "లోపల ఎవురన్నా ఉండారా అని రోజూ మాదిరే కేకేస్తి. 'దేవేంద్ర పోయినాడు, ఏసేయ్' అని వినపడె. ఊడ్సే మునిలక్ష్మి అనుకుంటి."

"నేనీపొద్దు పనికే రాలేదు కదన్నా," అంది గుంపులోంచి మునిలక్ష్మి.

దేవేంద్ర సంచి లోపలే ఉంది. తెచ్చిస్తామని ఎవరూ అనలేదు. రంగనాథం షట్టర్ దించాడు. తాళం వేసేముందు కేక వేయడానికి మాత్రం నోరు రాలేదు.